వాచ్యంలో క్రమం, వ్యంగ్యంలో అవ్యవస్థ: ఫిల్మ్ నువార్ చిత్రాల్లో పాత్ర, శైలి (1941–1958)

ఫిల్మ్ నువార్ అన్న పేరు ఆ చిత్రాలను తీసినవారు పెట్టుకున్నది కాదు. 1940వ దశకంలో హాలీవుడ్ స్టూడియోలు వీటిని మెలోడ్రామాలనో నేరచిత్రాలనో వ్యవహరించాయి. జర్మన్ ఆక్రమణ కాలంలో ఫ్రాన్సుకు అమెరికన్ చిత్రాల రాక ఆగిపోయింది. యుద్ధానంతరం 1946 వేసవిలో ‘ద మాల్టీస్ ఫాల్కన్’, ‘లారా’, ‘మర్డర్, మై స్వీట్’, ‘డబుల్ ఇండెమ్నిటీ’ వంటివి స్వల్పవ్యవధిలో పారిస్‌కు చేరాయి. ఏళ్ల తేడాతో వాటిని చూసిన అమెరికన్ ప్రేక్షకునికి అంతగా తోచని సామ్యం అక్కడి విమర్శకులకు ఒక్కసారిగా కనిపించింది. ఆ ఏడాది ఆగస్టులో నీనో ఫ్రాంక్ రాసిన వ్యాసంతో ‘నల్లని చిత్రం’ అనే అర్థం గల ఈ ఫ్రెంచి పదబంధం ఆ చిత్రాలకు అన్వయమైంది. గాలిమార్ ప్రచురణ సంస్థ 1945లో ప్రారంభించిన ‘సెరీ నువార్’ అనే నేరనవలల మాల పేరు అప్పటికే అక్కడి పాఠకులకు పరిచితం. 1955లో రేమొన్ బోర్డ్, ఎతియెన్ షోమెతొన్ ఈ చిత్రాలపై తొలి సమగ్ర గ్రంథం వెలువరించారు. ప్రేక్షకుడు నమ్ముకున్న ఆనవాళ్లను చెరిపి అతనిలో ఒక రకమైన అస్వస్థతను కలిగించడమే ఈ చిత్రాల ఉమ్మడి లక్షణమని వారి నిర్ణయం.

ఆ అస్వస్థత ఎక్కడినుంచి పుడుతుందన్న ప్రశ్నకు సాధారణంగా దొరికే సమాధానం ఒకటుంది. నువార్ లోకంలో క్రమం ఒకవైపు, అవ్యవస్థ మరొకవైపు ఉంటాయనీ, చట్టం, కుటుంబం, పగటి వెలుగు మొదటిదానికీ, నేరం, మోహిని వంటి స్త్రీ, రాత్రి రెండోదానికీ సంకేతాలనీ, వీటి మధ్య పోరులో రెండోదే బలమైనదిగా కనిపించడం వల్ల ఈ చిత్రాలు కలవరపెడతాయనీ ఆ వాదన సారాంశం. ఈ విభజన బోధనకు అనుకూలమే కాని చిత్రాలకు అనుకూలం కాదు. ఈ వర్గంలోని ఉత్తమ చిత్రాల్లో అవ్యవస్థ క్రమానికి వెలుపలినుంచి వచ్చిపడదు. అది క్రమం తాలూకు పనిముట్లతోనే తయారవుతుంది. దీన్ని ప్రధానంగా ‘డబుల్ ఇండెమ్నిటీ’ ఆధారంగానూ, మరికొన్ని చిత్రాల సాయంతోనూ నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా పరిభాష గురించి ఒక మాట. తెలుగులో ‘క్రమం’ అన్న పదానికి వ్యతిరేకార్థకం ‘అక్రమం’. అయితే వాడుకలో ‘అక్రమం’ అంటే వరుస తప్పడం అనే అర్థం దాదాపు పోయి, అన్యాయం, చట్టవిరుద్ధం అనే అర్థమే మిగిలింది. అంటే మన భాష వరుస తప్పడాన్నీ నీతి తప్పడాన్నీ ఒకే మాటలో ముడివేసింది. నువార్ చిత్రాలు సరిగ్గా ఆ ముడినే విప్పుతాయి. వాటిలో అత్యంత క్రమబద్ధంగా సాగే పని చాలాసార్లు హత్యే. అందువల్ల ఇక్కడ ‘అక్రమం’ అన్న మాటను విడిచి ‘అవ్యవస్థ’ అన్న మాటను గ్రహించడమైంది. అలాగే మన నేరకథా సాహిత్యానికి స్థిరపడిన పేరు ‘అపరాధ పరిశోధన’. తత్పురుష సమాసంలో ఉత్తరపదానికి ప్రాధాన్యం కనుక ఆ పేరులో పరిశోధనే ముఖ్యం, అపరాధం దానికి విశేషణం మాత్రమే. నువార్‌లో ఈ ప్రాధాన్యం తలకిందులైంది. పరిశోధన ఉన్నా లేకున్నా అపరాధం చేసినవాడి వైపునుంచి కథ నడవడం దాని ప్రత్యేకత.

పాత్ర చెప్పేదొకటీ శైలి చూపేదొకటీ అయినప్పుడు ఆ రెండింటి సంబంధాన్ని వివరించడానికి మన అలంకారశాస్త్రంలోని వాచ్యవ్యంగ్య వివేకం బాగా ఉపకరిస్తుంది. వాచ్యార్థం విధిరూపంగా ఉండి వ్యంగ్యార్థం నిషేధరూపంగా ఉండే సందర్భాలను ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం ప్రథమోద్యోతంలోనే ఉదాహరించాడు. ఒకే వాక్యం వెళ్లమంటూనే వెళ్లవద్దని స్ఫురింపజేయగలదు. ధ్వని సిద్ధాంతం శబ్దార్థాలను గురించినది, చలనచిత్రం ప్రధానంగా దృశ్యాన్ని గురించినది అన్న భేదం విస్మరించరానిది. అయినా నువార్ చిత్రాల్లో క్రమం ఎక్కువగా మాటల్లో, అనగా నేపథ్య కథనంలో, ఒప్పుకోలులో, ముగింపులో నివసిస్తుంది. అవ్యవస్థ వెలుగునీడల్లో, శరీరాల్లో, వస్తువుల్లో నివసిస్తుంది. ఈ శ్రమవిభజనకు ఒక చారిత్రక కారణం ఉంది.

నియమావళి నీడ

అమెరికన్ చలనచిత్ర పరిశ్రమ 1930లో తనకు తానే ఒక నిర్మాణ నియమావళిని విధించుకుంది. 1934 వరకు అది కాగితంమీదే ఉండిపోయింది. ఆ ఏడాది జోసెఫ్ బ్రీన్ అధిపతిగా ప్రత్యేక కార్యాలయం ఏర్పడి, దాని ఆమోదముద్ర లేనిదే ప్రధాన సంస్థలు ఏ చిత్రాన్నీ విడుదల చేయరాదన్న కట్టడి వచ్చింది. నేరంపట్ల ప్రేక్షకునికి సానుభూతి కలగరాదు, నేరపద్ధతులను అనుకరించే వీలున్నంత వివరంగా చూపరాదు, తప్పు చేసినవాడు శిక్ష తప్పించుకోరాదు అన్నవి దాని మూలసూత్రాలు. ఇవన్నీ ఇతివృత్తానికి, సంభాషణకు, ముగింపుకు సంబంధించినవి. బ్రీన్ కార్యాలయం ప్రధానంగా పరిశీలించింది రాతప్రతులను. దీపం ఏ కోణంలో పెట్టాలో, కిటికీ నీడ ఎవరి ముఖంమీద పడాలో రాతప్రతిలో ఉండదు. కనుక ముగింపు నియమావళికి దక్కింది; మిగిలిన స్థలం దర్శకునికి, ఛాయాగ్రాహకునికి మిగిలింది.

జేమ్స్ ఎం. కెయిన్ కథ చరిత్ర దీనికి మంచి నిదర్శనం. 1927లో న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో రూత్ స్నైడర్ అనే గృహిణి, జడ్ గ్రే అనే ప్రియుని సాయంతో బీమా సొమ్ముకోసం భర్తను హత్యచేసింది. 1928 జనవరిలో ఇద్దరికీ మరణశిక్ష అమలైంది. విద్యుత్ కుర్చీలో ఆమె ప్రాణం పోతున్న క్షణాన్ని ఒక పత్రికా ఛాయాగ్రాహకుడు చీలమండకు కట్టుకున్న కెమెరాతో దొంగచాటుగా తీసిన చిత్రం మరునాడు న్యూయార్క్ డైలీ న్యూస్ మొదటి పుటలో వెలువడింది. పాత్రికేయుడైన కెయిన్ ఈ కేసు స్ఫూర్తితో రాసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ 1936లో ‘లిబర్టీ’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. అంతకుముందే, 1935లో స్టూడియోలు దానిమీద ఆసక్తి చూపినప్పుడు బ్రీన్ కార్యాలయం అది తెరకు పనికిరాదని తేల్చింది. 1943లో బిల్లీ వైల్డర్, రేమండ్ చాండ్లర్ కలిసి కథనాన్ని తిరగరాశాక గాని పారమౌంట్ సంస్థకు అనుమతి రాలేదు. చిత్రం 1944లో విడుదలైంది.

మూలకథ చివర ప్రేమికులిద్దరూ ఓడమీద పారిపోతూ సముద్రంలో దూకి చనిపోవడానికి సిద్ధపడతారు. నియమావళి దృష్టిలో ఆత్మహత్య శిక్షను తప్పించుకోవడమే. చలనచిత్రంలో ఆ ముగింపు పోయి, దాని స్థానంలో ఒప్పుకోలు వచ్చింది. వైల్డర్ గ్యాస్ గదిలో కథానాయకుని మరణశిక్షను కూడా చిత్రీకరించి, విడుదలకు ముందు దాన్ని తానే తొలగించాడు. రాజ్యం విధించే శిక్ష అనే క్రమచిహ్నం నియమావళి తృప్తికి అవసరమైనంత మేరకు మాటల్లో సూచితమై, తెరమీద మాత్రం లేకుండా పోయింది. ఆ లోపాన్ని ఏది పూరించిందో తరువాత చూద్దాం.

బీమా కార్యాలయంలో హత్య

చిత్రం రాత్రివేళ లాస్ ఏంజెలెస్ వీధుల్లో సిగ్నలు దాటి దూసుకుపోయే కారుతో మొదలవుతుంది. అందులోంచి దిగిన వాల్టర్ నెఫ్ (ఫ్రెడ్ మెక్‌మరే) బీమా కార్యాలయంలోకి వెళ్తాడు. మేడవరండా నుంచి కిందికి చూస్తే ఒకే ఆకారంలో, ఒకే దూరంలో వరుసలు తీరిన బల్లలు. వాటి మధ్య చీకట్లో ఊడ్చే పనివారు. నెఫ్ తన గదిలో కూర్చుని, భుజంలో తూటా గాయంతో, డిక్టాఫోన్ ముందు తేదీ చెబుతాడు: 1938 జూలై 16. క్లెయిముల విభాగాధిపతి బార్టన్ కీస్‌కు కార్యాలయ వినతిపత్రం అంటాడు. హంతకుడు తన ఒప్పుకోలును ఆఫీసు కాగితంగా మొదలుపెట్టడంలోనే చిత్రం ప్రతిపాదన అంతా ఉంది. అతనికి తెలిసిన భాష అదొక్కటే.

బీమా అంటే అవ్యవస్థకు లెక్కకట్టే శాస్త్రం. ఒక మనిషి ఎప్పుడు ఎలా చనిపోతాడో చెప్పలేం, లక్షమందిలో ఎందరు ఎలా చనిపోతారో చెప్పవచ్చు. ఆ అంచనాయే బీమా వ్యాపారానికి ఆధారం. నెఫ్ పదకొండేళ్లుగా ఆ యంత్రం లోపల ఉన్నవాడు. దాని పళ్లచక్రాలు ఎక్కడ కలుస్తాయో తెలిసినందువల్లే దాన్ని మోసగించాలన్న కోరిక అతనిలో పుడుతుంది. జూదశాలలో చక్రం తిప్పేవాడికి ఎప్పుడో ఒకప్పుడు ఇంటిదొంగ బుద్ధి పుట్టడం వంటిది ఇది. ఫిలిస్ డీట్రిక్సన్ (బార్బరా స్టాన్విక్) అతన్ని కలవకముందే ఆ కోరిక అతనిలో ఉందని అతని మాటలే చెబుతాయి.

ఇక్కడ మోహిని వంటి స్త్రీపాత్రను గురించిన ప్రచలితాభిప్రాయాన్ని కొంచెం నిదానంగా పరిశీలించాలి. అవ్యవస్థకు మూలం ఫిలిస్ అనీ, యుద్ధకాలంలో ఉద్యోగాల్లోకి వచ్చిన స్త్రీలను చూసి పురుషసమాజానికి కలిగిన భయమే ఆమె రూపం దాల్చిందనీ అనేకులు రాశారు. ఆ చారిత్రక సందర్భాన్ని కాదనలేం. కాని కథలో ఎవరు ఏం చేశారో లెక్క చూడండి. భర్తకు తెలియకుండా ప్రమాద బీమా తీయవచ్చా అని ఆమె అడుగుతుంది. రైలు ప్రమాదంలో చనిపోతే రెట్టింపు సొమ్ము వస్తుందన్న షరతును, యాభైవేల డాలర్ల పాలసీ లక్ష అవుతుందన్న గణితాన్ని, దానికి తగ్గ రైలును, ఊతకర్రలను, ఎక్కడా సాక్ష్యం దొరకని ఏర్పాటును సమకూర్చినవాడు నెఫ్. పైగా ఈ కథంతా డిక్టాఫోన్‌లో అతను చెబుతున్నది. ఆమె ప్రమాదకరమైనదన్న మాట మనకు చేరేది అతని గొంతులో. ఫిలిస్‌కు సొంత నేరాలు లేవని దీని అర్థం కాదు. డీట్రిక్సన్ మొదటి భార్య మరణంలో ఆమె చేయి ఉందని సవతికూతురు లోలా చెబుతుంది. అయితే వాచ్యం నిందను ఆమెమీద ఎంత మోపినా, దృశ్యం ఇద్దరిమీదా ఒకే చారల నీడను పరుస్తుంది.

ఆ చారల నీడ వెనీషియన్ బ్లైండ్లది. కిటికీకి అడ్డంగా ఉండే సన్నని పలకల వరుస వెలుగును సమానమైన ముక్కలుగా కోస్తుంది. నువార్ శైలి గురించి మాట్లాడే ప్రతివారూ దీన్ని చెరసాల ఊచలకు పోలిక అంటారు. పోలిక సరైనదే కాని అంతటితో ఆగితే పలకలు మరుగున పడతాయి. అవి వెలుగును క్రమబద్ధం చేయడానికి పుట్టిన వస్తువు. ఎంత వెలుగు రావాలో మనిషి నిర్ణయించుకునే సాధనం. ఆ క్రమమే గోడమీద, ముఖంమీద విరిగి పడినప్పుడు అవ్యవస్థగా కనిపిస్తోంది. డీట్రిక్సన్ ఇంటి హాలులో గాలిలో తేలే ధూళిని వెలుగుచారల్లో కనిపించేలా చేయడానికి ఛాయాగ్రాహకుడు జాన్ ఎఫ్. సైట్జ్ సన్నని లోహపు పొడిని గాలిలో ఊదించాడు. బయట కాలిఫోర్నియా ఎండ, లోపల ఊడవని ఇల్లు. ఈ దృశ్యం పగటివేళది. నువార్ అంటే రాత్రి అనే వారికి ఇదొక్కటే చాలు.

ఇంతకంటె తీవ్రమైన ఉదాహరణ సూపర్‌మార్కెట్ దృశ్యాలు. హత్యకు ముందు, తరువాత ఇద్దరూ రహస్యంగా కలుసుకునేది జెర్రీస్ మార్కెట్ అనే దుకాణంలో. నీడలు దాదాపు లేవు. సమానమైన వెలుగు, అరల్లో పేర్చిన డబ్బాల వరుసలు, పిల్లల ఆహారం కొనుక్కునే గృహిణులు. పక్కపక్కనే నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, డబ్బాలతో మాట్లాడుతున్నట్టు హత్య గురించి మాట్లాడుకుంటారు. ఒక పొట్టి గృహిణి పై అరలోని డబ్బా అందడం లేదని నెఫ్‌ను అడిగితే అతను తీసి ఇస్తాడు. యుద్ధకాలపు రేషన్‌లో ఉన్న 1944 నాటి అమెరికన్ ప్రేక్షకునికి ఆ నిండైన అరలు గతకాలపు సమృద్ధిని తలపించి ఉంటాయి. ఈ చిత్రమంతటిలో క్రమానికి ఇంతకంటె పరిపూర్ణమైన దృశ్యం లేదు, ఇంతకంటె భయంకరమైనదీ లేదు. వెలుగు క్రమానికి, చీకటి అవ్యవస్థకు సంకేతాలన్న సమీకరణ ఈ దృశ్యం ముందు నిలవదు.

క్రమానికి ప్రతినిధిగా కనిపించే కీస్ (ఎడ్వర్డ్ జి. రాబిన్సన్) పాత్రలో మరో మెలిక ఉంది. అతని జేబుల్లో ఎప్పుడూ అగ్గిపెట్టె ఉండదు, చుట్ట వెలిగించడానికి నెఫ్ అగ్గిపుల్ల గీయాలి. డీట్రిక్సన్ మరణం ఆత్మహత్య అని సంస్థ అధ్యక్షుడు నార్టన్ వాదించినప్పుడు, కీస్ ఆత్మహత్యల గణాంక పట్టికలను ఏకరువు పెడతాడు. జాతి, వృత్తి, రుతువు, సాధనం వారీగా విభజించిన ఆ పట్టికల్లో గంటకు 15 మైళ్ల వేగంతో నడిచే రైలు వెనుకభాగంనుంచి దూకి చనిపోయినవాడు ఒక్కడూ లేడని తేలుస్తాడు. రాబిన్సన్ ఆ సంభాషణను ఊపిరాడనివ్వని వేగంతో చెప్పడం చూసి ప్రేక్షకుడు ఆనందిస్తాడు. కాని దాని ఫలితమేమిటి? అంకెల శాస్త్రం ఆ క్షణంలో హంతకులకే అండగా నిలిచింది. సంస్థ సొమ్ము చెల్లించాలన్నదే దాని సారాంశం.

నిజం కీస్‌కు మరోదారిలో తెలుస్తుంది. తన లోపల ఒక చిన్న మనిషి ఉన్నాడనీ, తప్పుడు క్లెయిము వచ్చినప్పుడల్లా వాడు కడుపులో ముడిపెట్టి తిండి సయించనివ్వడనీ అతను చెబుతుంటాడు. పట్టికలు పట్టుకోలేనిదాన్ని అజీర్తి పట్టుకుంది. దానికి ఆధారం దస్త్రంలో ఉన్న అంశం కాదు, లేని అంశం: కాలు విరిగినప్పుడు డీట్రిక్సన్ క్లెయిము ఎందుకు పెట్టలేదు? అక్కడినుంచి హత్య జరిగిన తీరునంతా కీస్ ఊహించగలిగాడు, హంతకుని తప్ప. నెఫ్ నిర్దోషి అని తానే పూచీపడి వేరొకరిని అనుమానించాడు. చివరికి అతన్ని ఆ రాత్రి కార్యాలయానికి రప్పించింది తర్కం కాదు. నేలమీద నెత్తుటి చుక్కలు చూసిన పనివాడు ఫోను చేశాడు. నిర్దోషమైన పథకాన్ని మొదటినుంచీ భంగపరిచినవన్నీ ఇటువంటి అల్పసంగతులే. రైలు వెనుక వరండాలో ఎవరూ ఉండకూడని చోట కూర్చున్న జాక్సన్. శవాన్ని పట్టాలమీద వేసి వచ్చాక కదలనని మొరాయించిన కారు. బయటికి తెరుచుకునే తలుపు వెనుక కీస్ కంటపడకుండా ఊపిరి బిగబట్టి నిలబడిన ఫిలిస్. వీటిలో ఏదీ విధి అని పిలవదగినంత పెద్దది కాదు.

ఇక ముగింపు. గ్యాస్ గది దృశ్యం తీసేశాక మిగిలింది గుమ్మం దగ్గర కూలిపోయిన నెఫ్, అతని పక్కన మోకాళ్లమీద కూర్చున్న కీస్. నెఫ్ సిగరెట్టు నోట పెట్టుకుంటాడు, ఈసారి అగ్గిపుల్ల గీసేది కీస్. చిత్రమంతా ఒక దిక్కుగా సాగిన చిన్న అలవాటు ఇక్కడ తిరగబడింది. చట్టం దూరంగా, అంబులెన్సు రూపంలో వస్తోంది. తెరమీద శిక్ష లేదు, ఒక మమత ఉంది. నేరస్థునిపట్ల సానుభూతి కలగరాదన్న నియమం అక్షరాలా పాటింపబడుతూనే పూర్తిగా ఓడిపోయిన చోటు ఇది.

దూలం కింద మనిషి

ఈ ప్రవృత్తికి సాహిత్యమూలం ‘ద మాల్టీస్ ఫాల్కన్’ నవలలో ఉంది. డాషియెల్ హామెట్ 1930లో ప్రచురించిన ఆ నవల మధ్యలో, కథకు ఏ సంబంధమూ లేనట్టుగా, డిటెక్టివ్ స్పేడ్ ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే వ్యక్తి వృత్తాంతం చెబుతాడు. టాకోమాలో స్థలాల వ్యాపారం చేసుకునే ఆ గృహస్థు మధ్యాహ్న భోజనానికి వెళ్తుండగా కడుతున్న భవనంమీదినుంచి ఒక దూలం జారి అతని పక్కనే పడుతుంది. తాను పద్ధతిగా కట్టుకున్న జీవితానికి లోకరీతితో ఏ పొందికా లేదని అతనికి తోస్తుంది. భార్యను, పిల్లలను వదిలి అదృశ్యమవుతాడు. కొన్నేళ్లకు స్పోకేన్‌లో దొరికేసరికి మరో పేరుతో, దాదాపు అటువంటి భార్యతోనే, అటువంటి సంసారమే చేస్తుంటాడు. దూలాలు పడే లోకానికి తగినట్టు ఒకసారి మారాడు, ఆ తరువాత దూలాలేవీ పడకపోయేసరికి మళ్లీ పాతదారికి సర్దుకున్నాడు. జాన్ హూస్టన్ 1941లో తీసిన చిత్రంలో ఈ ఘట్టం లేదు. నా దృష్టిలో ఆ చిత్రానికి ఉన్న పెద్ద లోటు ఇదే. స్పేడ్ చివరలో తాను ప్రేమించిన బ్రిజిడ్‌ను పోలీసులకు అప్పగించేటప్పుడు చెప్పే కారణాల చిట్టా, ఆ వృత్తాంతం తెలియకుండా వింటే, నీతివాక్యంలా ధ్వనిస్తుంది. అది తెలిసి వింటే, దూలం పడిన తరువాత నిలదొక్కుకోవడానికి ఒక మనిషి పెట్టుకున్న నియమాల పట్టికగా తోస్తుంది.

హూస్టన్ చిత్రానికి ఛాయాగ్రాహకుడు ఆర్థర్ ఎడిసన్; అంతకు పదేళ్ల ముందు ‘ఫ్రాంకెన్‌స్టీన్’ తీసినవాడు. ‘డబుల్ ఇండెమ్నిటీ’కి పనిచేసిన సైట్జ్ మూకీల కాలంనుంచి హాలీవుడ్‌లో ఉన్నవాడు. నువార్ వెలుగునీడలన్నీ బెర్లిన్‌నుంచి వలస వచ్చిన దర్శకులు తెచ్చిన ఎక్స్‌ప్రెషనిజం వరమన్న సులువైన వివరణను 1993లో మార్క్ వెర్నే సహేతుకంగా ప్రశ్నించాడు. వైల్డర్, సియోడ్‌మాక్, లాంగ్‌ల వలస చారిత్రక సత్యమే. కాని దీపాలు పెట్టినవారిలో చాలామంది అమెరికన్ స్టూడియోల్లో పెరిగిన పనివారు. పైగా యుద్ధకాలంలో ఒక్కో చిత్రానికి కొత్త సెట్ల సామగ్రిమీద ప్రభుత్వం 5,000 డాలర్ల పరిమితి విధించింది. సగం గోడ ఉన్న గదిలో మిగిలిన సగాన్ని చీకటితో కట్టడం ఛాయాగ్రాహకులకు అక్కరకు వచ్చే విద్య అయింది.

ప్రభుత్వ స్వరం, ఆల్టన్ చీకటి

1947 ప్రాంతంలో నువార్‌లో ఒక మలుపు వచ్చింది. నేరస్థుని గొంతు స్థానంలో ప్రభుత్వ స్వరం కథ చెప్పసాగింది. ఆంథనీ మాన్ తీసిన ‘టీ-మెన్’ (1947) ఖజానాశాఖ మాజీ అధికారి ఎల్మర్ ఐరీ ప్రేక్షకులతో నేరుగా మాట్లాడటంతో మొదలవుతుంది. ఆ వెనుక వార్తాచిత్రపు ధోరణిలో నేపథ్య కథనం. దొంగనోట్ల ముఠాలోకి చొరబడటానికి ఇద్దరు ఉద్యోగులకు శిక్షణ ఇస్తారు. వాళ్లు నేరస్థుల చరిత్రను గ్రంథాలయంలో కూర్చుని బట్టీపడతారు. క్రమం ఇక్కడ నేరాన్ని పాఠ్యాంశంగా బోధిస్తోంది.

వాచ్యం ఇంత స్థిరంగా ఉన్న ఈ చిత్రానికి దీపాలు పెట్టినవాడు జాన్ ఆల్టన్, 1949లో ‘పెయింటింగ్ విత్ లైట్’ రాసినవాడు. స్నానశాలలో ఆవిరిమధ్య ఒకడిని బయటినుంచి గడియపెట్టి చంపే దృశ్యంలో నేపథ్య స్వరం ఏమీ చేయలేదు. ముఠా గుర్తుపట్టకుండా ఉండేందుకు జెనారో భార్య అంగడిలో ఎదురైన భర్తను తెలియదంటుంది; కుటుంబక్రమాన్ని కాపాడటానికి ఆమె దాన్ని నోటితోనే తెంపుకోవాలి. ఆ తరువాత జెనారోను ముఠా కాల్చిచంపుతుంటే సహోద్యోగి ఓబ్రియన్ పక్కనే నిలబడి, కదలకుండా, కన్ను తిప్పకుండా చూడాలి. కదిలితే ప్రభుత్వ పథకం భగ్నమవుతుంది. ఆల్టన్ ఆ క్షణంలో టోపీ అంచు నీడలో ఉన్న ఓబ్రియన్ ముఖాన్ని చూపుతాడు. హంతకుల ముఖాలకూ ఆ ముఖానికీ వెలుగులో ఏ తేడా లేదు.

జాక్ టూర్నర్ తీసిన ‘ఔట్ ఆఫ్ ద పాస్ట్’ (1947) గురించి ఒక్కమాటే. చిన్న ఊళ్లో పెట్రోలు బంకు పెట్టుకుని క్రమంగా బతుకుతున్న జెఫ్ బెయిలీని గతం వెతుక్కుంటూ వచ్చి చంపుతుంది. అతను ఆ స్త్రీతో వెళ్లిపోవాలనే అనుకున్నాడా అని చివర్లో ఆన్ అడిగితే, బంకులో పనిచేసే మూగబాలుడు అవునని తల ఊపుతాడు. ఆమె తన జీవితాన్ని సర్దుకోవడానికి ఆ అబద్ధం కావాలి. చిత్రం ముగింపులోని ప్రశాంతి మొత్తం మాటలేని ఒక అబద్ధంమీద నిలిచింది.

నౌకాదళం మార్పించిన హంతకుడు

వాచ్యవ్యంగ్యాల మధ్య చీలికను ఇంతవరకు రచయితల, దర్శకుల ఎంపికగా చెప్పుకొన్నాం. అది బయటినుంచి విధింపబడిన సందర్భమూ ఉంది. చాండ్లర్ స్వయంగా రాసిన ‘ద బ్లూ డాలియా’ (1946)లో యుద్ధంనుంచి తిరిగివచ్చిన ముగ్గురు నౌకాదళ సైనికుల్లో బజ్ (విలియమ్ బెండిక్స్) తలలో లోహపు పలకతో, మతిమరుపుతో, సంగీతం వింటే చెలరేగే తలనొప్పితో బాధపడతాడు. మిత్రుని భార్యను అతనే చంపి, చంపిన సంగతి మరచిపోవడం చాండ్లర్ మొదట అల్లిన కథ. గాయపడిన సైనికుణ్ని హంతకుడిగా చూపరాదని నౌకాదళం అభ్యంతరపెట్టింది. హడావుడిగా హోటలు డిటెక్టివ్ హంతకుడయ్యాడు.

మార్చింది మాత్రం చివరి కొద్ది నిమిషాలనే. అంతకుముందు గంటన్నరలో బజ్ ముఖం ముడుచుకున్న ప్రతిసారీ, ‘కోతిసంగీతం’ ఆపమని అరచిన ప్రతిసారీ ప్రేక్షకునిలో పేరుకున్న అనుమానం అలాగే ఉండిపోయింది. ముగింపు చెప్పే హంతకుడు ఒకడు, చిత్రం చూపిన హంతకుడు మరొకడు. కళాదృష్టితో చూస్తే ఇది లోపమే. చాండ్లర్‌కూ ఆ మార్పు నచ్చలేదు. చరిత్రకారునికి మాత్రం ఇది అమూల్యమైన లోపం. యుద్ధం తన మనుషులకు ఏం చేసిందో 1946లో ఒక ప్రభుత్వ సంస్థ ఏమేరకు అంగీకరించలేకపోయిందో ఆ అతుకు దగ్గర చేతికి తగులుతుంది.

టేపురికార్డరు

ఆర్సన్ వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958)ను నువార్ కాలానికి చివరి మైలురాయిగా గణించడం ఆనవాయితీ. మూడు నిమిషాలకు మించి ఎక్కడా తెగని మొదటి దృశ్యం, గడియారపు బాంబు అమర్చిన కారును సరిహద్దు పట్టణం గుండా వెంబడిస్తుంది. నిమిషాలు లెక్కపెట్టే యంత్రం చుట్టూ ఆ యంత్రం సంగతి తెలియని జనసమ్మర్దం. విచారణకు వచ్చిన పోలీసు అధికారి హాంక్ క్విన్లన్ (వెల్స్) తన కుంటికాలు చెప్పినదాన్ని నమ్ముతాడు. కీస్ కడుపులోని చిన్న మనిషికి ఇది దగ్గరి చుట్టం. కీస్ ఆ అస్వస్థతకు ఆధారాలు వెతికాడు. క్విన్లన్ ఆధారాలు తయారుచేస్తాడు. సాంచెజ్ గదిలో, కొద్దిసేపటి ముందు వార్గాస్ ఖాళీగా చూసిన చెప్పుల డబ్బాలో డైనమైటు దొరుకుతుంది.

వార్గాస్ చట్టానికి నిబద్ధుడు. క్విన్లన్ నేరాన్ని నిరూపించడానికి అతనికి ఒకే దారి మిగులుతుంది. క్విన్లన్ ఆప్తుడైన మెంజీస్ ఒంటిమీద మైకు అమర్చి, తాను రికార్డరు పట్టుకుని, చీకట్లో చమురు బావుల ఇనుపచట్రాల మధ్య, వంతెన కింది నీళ్లలో పాకుతూ వారిని అనుసరించాలి. 1944లో నేరస్థుడు తనంతట తాను డిక్టాఫోన్‌లో నిజం చెప్పుకున్నాడు. పద్నాలుగేళ్లకు న్యాయమూర్తిలాంటి మనిషి దొంగలా పొంచి ఆ నిజాన్ని మురికినీళ్లలోంచి పట్టుకోవలసి వచ్చింది. రసెల్ మెటీ కెమెరాలో ఈ దృశ్యంలో వార్గాస్‌కు నిటారుగా నిలబడే చోటే దొరకదు.

తన మాటే వంతెన కిందినుంచి ప్రతిధ్వనిగా వినిపించడంతో క్విన్లన్‌కు సంగతి తెలిసిపోతుంది. అతను మెంజీస్‌ను కాలుస్తాడు, చనిపోతూ మెంజీస్ అతన్ని కాలుస్తాడు. చెత్త తేలే నీళ్లలో క్విన్లన్ వెల్లకిలా పడిపోతాడు. ఒడ్డున ఉన్నవారు టేపు వెనక్కి తిప్పి వింటారు. చనిపోయినవాడి గొంతు మాట్లాడుతూనే ఉంటుంది. అప్పుడే ప్రభుత్వ న్యాయవాది కార్యాలయ ఉద్యోగి శ్వార్జ్ ఒక సంగతి బయటపెడతాడు: బాంబు పెట్టింది తానేనని సాంచెజ్ ఒప్పుకున్నాడు. క్విన్లన్ కాలు నిజమే చెప్పిందన్నమాట, అబద్ధపు సాక్ష్యం నిజమైన దోషిమీదే పడిందన్నమాట. కొందరు విమర్శకులు ఆ ఒప్పుకోలును సైతం శంకించారు. ఎవరి చేతుల్లో, ఎన్ని గంటల విచారణ తరువాత, ఏ స్థితిలో సాంచెజ్ అలా చెప్పాడో చిత్రం చూపదు. అది మనకు చేరేది శ్వార్జ్ నోటిమాటగా, ఒక్క వాక్యంలో, అప్పటికే అందరూ వెళ్లిపోతున్న సమయంలో.